తాత కారుకి టైర్లు

ఇంట్లో పాత కారు ఉందని తెలిస్తే చాలు, జనం అడిగే ప్రశ్నలు మూడే. లీటరుకి ఎంతిస్తుంది? స్పేర్ పార్టులు దొరుకుతాయా? ఎంతకిస్తారు? వీటికి జవాబు చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది గానీ, "టైర్లు ఏ సంవత్సరానివి?" అని అడిగిన మహానుభావుడు ఇంతవరకూ ఒక్కడూ తగల్లేదు. ఇంజను చెడిపోతే కారు ఆగుతుంది. టైరు చెడిపోతే కారు ఆగదు, అదీ అసలు సమస్య.

మా కారు 1973 నాటి ప్రీమియర్ ప్రెసిడెంట్. ఆ పేరు చెబితే ఎవరికీ తెలీదు, ఫియట్ అంటే అందరికీ తెలుసు. ఇటలీ ఫియట్ వాళ్ళ 1100 మోడల్ని బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు తయారు చేసేవాళ్ళు. దానికే 1972లో ప్రెసిడెంట్ అనీ, 1974లో పద్మిని అనీ పేరు మార్చారు. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ. బొంబాయి నలుపు పసుపు టాక్సీల్లో చివరి పద్మిని 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది. మాది మాత్రం ఇంకా తిరుగుతోంది. తాత కొన్నాడు, నాన్న నడుపుతున్నాడు, నేను బెంగళూరు నుంచి శని ఆదివారాలు వచ్చి తుడుస్తుంటాను.

ఇది షెడ్డులో ముసుగేసి పెట్టే కారు కాదు. మదనపల్లెలో ఇల్లు, పుంగనూరులో మామ, కుప్పంలో అత్త. సుగుటూరు గంగమ్మ జాతరకి పుంగనూరు, తిరుపతి గంగమ్మ జాతరకి కుప్పం. నేను ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళూ కుప్పంలోనే కాబట్టి, హాస్టలుకి పరుపూ బకెట్టూ మోసింది కూడా ఈ కారే. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట, శాంతిపురం దాటి కుప్పం. ఈ దారి పొడుగునా టమాటా లారీలు, గ్రానైటు రాళ్ళ లారీలు, కౌండిన్య అడవి పక్కన ఏనుగులున్నాయి జాగ్రత్త అనే బోర్డులు. అంటే టైరు పేలితే పక్కకి జరగడానికి చోటు, టైము రెండూ ఉండవన్నమాట. అందులో ప్రయాణించేది అరవై దాటిన నాన్న, అమ్మ, వెనక సీట్లో అత్త మనవలు.

2024లో కుప్పం జాతర నుంచి వస్తుంటే వి.కోట దగ్గర గాలి పట్టించడానికి ఆపారు. పంచర్ అంగడి అబ్బాయి ఎడమవైపు వెనక టైరు మీద చెయ్యిపెట్టి, "సార్, బుగ్గ లేచింది. ఇది ఇంటికి చేరితే మీ అదృష్టం" అన్నాడట. టైరు పక్కగోడలో చిన్న ఉబ్బు. లోపల దారాలు తెగితే గాలి రబ్బరుని బయటికి నెడుతుంది, అదే బుగ్గ. స్టెప్నీ వేసుకుని, నలభై దాటకుండా ఇల్లు చేరారు.

ఆ వారం నేను మదనపల్లె వెళ్ళి చూస్తే, టైర్ల మీద బటన్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. కారుకి చట్టం అడిగే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు, మావాటికి నాలుగు పైనే ఉంది. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారుకి బటన్లు ఎలా అరుగుతాయి? కానీ టైరు పక్కన కోలగా ఉన్న చిన్న గడిలో నాలుగంకెలున్నాయి, 3208. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అంటే 2008వ సంవత్సరం 32వ వారం. 2000 నుంచీ ఈ పద్ధతే నడుస్తోంది. మూడంకెలే కనిపిస్తే ఆ టైరు 2000 కంటే ముందుది, దాన్ని కారుకి కాదు, పెరట్లో మామిడి కొమ్మకి కట్టి ఉయ్యాల చెయ్యండి.

పదహారేళ్ళ రబ్బరు. ఎండకీ, గాలిలోని ఓజోనుకీ రబ్బరు గట్టిపడి, వేలు పెట్టి వంచితే సన్న పగుళ్ళు కనిపిస్తాయి. కారు కదలకుండా నిలబడ్డా ఈ పని ఆగదు. పైగా కదలని టైరుకి నేల తాకే చోట చదును కూడా పడుతుంది. ఐదేళ్ళు దాటిన టైర్లని ఏటా చూపించుకోమనీ, పదేళ్ళు దాటితే బటన్లు ఉన్నా సరే తీసెయ్యమనీ మిషెలిన్ వాళ్ళు చెబుతారు. 2013లో హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ పోయిన ప్రమాదం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అసలు కారణం వేగమేనని దర్యాప్తులో తేల్చారు. ఆ కారు టైర్లకి తొమ్మిదేళ్ళ వయసన్న సంగతి కూడా ఆ నివేదికలోనే ఉంది. మేము పదహారేళ్ళవాటి మీద అత్త మనవల్ని తిప్పుతున్నాం.

సరే, మార్చాలి. దేంతో? ఇక్కడ మా ఇంట్లో మూడు పార్టీలు తయారయ్యాయి.

మొదటిది పుంగనూరు మామ పార్టీ. ఆయనకి టమాటా తోలే టెంపోలు రెండున్నాయి. "రేయ్ అల్లుడూ, దానికి రీబటన్ కొట్టిస్తే అయిపాయ గదరా, మూడోవంతు ఖర్చు" అన్నాడు. రీబటన్ అంటే చిన్నచూపు నాకేం లేదు. లారీలకే కాదు, విమానాల టైర్లకి కూడా మళ్ళీ మళ్ళీ కొత్త బటన్లు వేస్తారు. కానీ వాటి లోపలి గూడు దానికి తగ్గట్టే కట్టి ఉంటుంది, వేసే ముందు గూడు బాగుందో లేదో పరీక్ష చేస్తారు. మా టైరుకి పోయింది పైనున్న బటను కాదు, లోపలున్న గూడే. గోడ కూలుతున్న ఇంటికి సున్నం కొట్టినట్టుంటుంది. మామ ఒప్పుకున్నాడు. తన టెంపోలకి మాత్రం ఆయన దారి ఆయనదే.

రెండోది నాన్న పార్టీ. "కంపెనీ నుంచి ఏ టైరు వచ్చిందో అదే ఉండాల. లేకుంటే మీ తాత కారు ఎట్లవుతుంది?" ఈ కారుకి పుట్టుకతో వచ్చినవి 5.20-14 కొలత క్రాస్‌ప్లై టైర్లు. సన్నగా, పొడుగ్గా, పక్కనుంచి చూస్తే సైకిలు చక్రానికి అన్నలా ఉంటాయి. నిజంగానే ఆ కారుకి ఆ చక్రమే అందం.

మూడోది నా పార్టీ, రేడియల్.

తేడా తెలీనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. క్రాస్‌ప్లైలో దారాల పొరలు ఒకదానికొకటి ఏటవాలుగా, నులక మంచం అల్లినట్టు ఉంటాయి. పక్కగోడా, నేల తాకే భాగమూ ఒకే అల్లిక. అందుకని పక్కగోడ వంగితే నేల మీది బటను కూడా కదులుతుంది, వేడెక్కుతుంది, మలుపులో పట్టు తగ్గుతుంది. రేడియల్‌లో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకి అడ్డంగా వెళ్తాయి, బటన్ల కింద విడిగా ఉక్కు బెల్టు ఉంటుంది. పక్కగోడ తన పాటికి తను వంగుతుంది, బటను నేలని పట్టుకునే ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే రెండు మాడ్యూళ్ళని విడదీశారు, ఒకదాంట్లో మార్పు రెండోదాన్ని పాడుచెయ్యదు :) మిషెలిన్ వాళ్ళు 1946లో పేటెంట్ తీసుకుని 1949 నుంచి అమ్మారు. మా కారు పుట్టేనాటికి ప్రపంచంలో రేడియల్ పాత సంగతే, మన దగ్గర కార్లకి మాత్రం ఇంకా క్రాస్‌ప్లైలే.

నాన్న మాట కాదనకుండా ముందు క్రాస్‌ప్లైలే వెతికాను. మదనపల్లెలో రెండు అంగళ్ళు, కుప్పంలో ఒకటి, తర్వాత బెంగళూరు జేసీ రోడ్డు. ఒకచోట అంగడాయన లోపలికెళ్ళి కాగితం చుట్టిన టైర్లు నాలుగు తెచ్చాడు. "బ్రాండ్ న్యూ సార్, ఒక్క కిలోమీటరు తిరగలేదు." తిరగలేదు, నిజమే. కాగితం కాస్త తీసి చూస్తే గడిలో చివరి రెండంకెలు 11. గోడౌన్లో పదమూడేళ్ళు పడుకున్న టైరు తిరక్కపోయినా ముసలిదే. అమ్మేవాడి లెక్కలో అది కొత్తది, రబ్బరు లెక్కలో కాదు. పదేళ్ళుగా ఎవరూ ముట్టుకోని లైబ్రరీని "ఒక్క బగ్గూ రాలేదు సార్" అని అంటగట్టే బాపతు ఇదే. దండం పెట్టి వచ్చేశాను.

విదేశాల నుంచి తెప్పిస్తే? అమెరికాలో 1958లో మొదలైన కోకర్ టైర్ లాంటి కంపెనీలు పాత కార్ల కోసమే పాత అచ్చులో కొత్త టైర్లు అమ్ముతాయి. కానీ ఇక్కడ అమ్మే కారు టైరుకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. 2020 జూన్‌లో కొత్త టైర్ల దిగుమతికి ప్రభుత్వం ఆంక్షలు పెట్టి, లైసెన్సు ఉంటేనే అంది. నాలుగు టైర్ల కోసం ఆ కాగితాల వెంట పడే ఓపిక కలెక్టర్లకి, అంటే కార్లు సేకరించేవాళ్ళకి ఉంటుందేమో, నాకైతే లేదు.

ఇక మిగిలింది ఇక్కడ రోజూ దొరికే రేడియల్. ఏ కొలత? అంగడికెళ్ళి "పద్నాలుగు అంగుళాల టైరు" అంటే చేతికొచ్చింది ఇస్తారు. లెక్క మనమే వేసుకోవాలి.

5.20 అంటే వెడల్పు అంగుళాల్లో, దాదాపు 132 మిల్లీమీటర్లు. ఆ కాలపు క్రాస్‌ప్లైలో పక్కగోడ ఎత్తు వెడల్పులో 95 శాతం దాకా ఉంటుంది. రెండు పక్కగోడలూ, మధ్యలో 14 అంగుళాల రిమ్మూ కలిపితే చక్రం మొత్తం ఎత్తు సుమారు 607 మిల్లీమీటర్లు. దీనికి దగ్గరగా ఉండేది కావాలి.

155/80 ఆర్14 అయితే 604. లెక్క ప్రకారం ఇదే పెళ్ళికొడుకు, కానీ నేను తిరిగిన ఏ అంగట్లోనూ లేదు. 165/70 ఆర్14 వాగన్ ఆర్ లాంటి కార్లకి వస్తుంది, ఎక్కడైనా దొరుకుతుంది, కానీ 587. అంటే కారు ఒక సెంటీమీటరు కిందికి దిగుతుంది, అదే వేగానికి ఇంజను మూడు శాతం ఎక్కువ తిరగాలి. 1089 సీసీ ముసలి ఇంజనుకి ఆ శిక్ష ఎందుకు? 175/65 ఆర్14 అయితే 583, ఇంకా పొట్టి. 165/80 ఆర్14 స్విఫ్ట్, డిజైర్ల బేస్ మోడళ్ళకి వచ్చిన కొలత. ఎత్తు 620. రెండు శాతం ఎక్కువ. స్పీడోమీటరు అరవై చూపిస్తే నిజంగా అరవై ఒకటి. మా నాన్న నడిపే వేగానికి పోలీసులకొచ్చిన నష్టమేం లేదు.

ఎత్తు ఒక్కటే చాలదు, రిమ్ము వెడల్పు కూడా కుదరాలి. పాత కార్ల రిమ్ములు సన్నం. మావి లోపలి అంచు నుంచి అంచుకి కొలిస్తే నాలుగంగుళాలకి పిసరంత ఎక్కువ. టైరు కంపెనీల పట్టికల్లో 165/80కి కనీసం నాలుగంగుళాల రిమ్ము, 165/70కి నాలుగున్నర, 175/65కి ఐదు. సన్న రిమ్ములో లావు టైరు ఇరికిస్తే మధ్యలో ఉబ్బుతుంది, నేలని మధ్యభాగమే తాకుతుంది. "వెడల్పు టైరేస్తే గ్రిప్పు ఎక్కువ సార్" అనేవాళ్ళ మాట మీరు నమ్మకండి.

బరువు సంగతి. టైరు మీద 85టీ అని ఉంది. 85 అంటే ఒక్కో టైరూ 515 కిలోలు మోస్తుందని, టీ అంటే గంటకి 190 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని. కారు బరువు తొమ్మిది వందల కిలోలకి కాస్త అటూ ఇటూ. ఐదుగురూ, జాతర సామాన్లూ కలిపినా పదమూడు వందలు దాటదు. ఆ వేగం ఈ కారు కల్లో కూడా చూడదు.

ట్యూబు సంగతి మాత్రం చాలామంది వదిలేస్తారు. ఈ రోజుల్లో దొరికేవి ట్యూబ్‌లెస్ టైర్లు. ట్యూబ్‌లెస్ రిమ్ములో టైరు అంచు లోపలికి జారకుండా చిన్న గట్టు ఉంటుంది. ఆ కాలపు ట్యూబు రిమ్ములకి సాధారణంగా అది ఉండదు. గాలి తగ్గినప్పుడు మలుపులో టైరు అంచు జారితే ఉన్న గాలంతా ఒక్కసారి పోతుంది. అందుకని రేడియల్‌కి సరిపడే ట్యూబులే వేయించాను. టైరు లోపల అంటించిన కాగితాలూ స్టిక్కర్లూ పీకేసి వేయించాలి, లేకపోతే అవి ట్యూబుని రాచి రాచి పంచర్ చేస్తాయి.

ఇంకో మాట. డబ్బులు చాల్లేదనో, రెండే పోయాయనో రెండు రేడియల్, రెండు క్రాస్‌ప్లై కలపకండి. ఒకే ఇరుసుకి అసలు కలపకూడదు. తప్పనిసరై ఇరుసుకొక రకం వెయ్యాల్సొస్తే రేడియల్ ఎప్పుడూ వెనకే. ముందు రేడియలూ వెనక క్రాస్‌ప్లైలూ ఉంటే ముందు చక్రాలు మలుపుని పట్టుకుంటాయి, వెనకవి జారిపోతాయి, కారు బొంగరమవుతుంది. మొగిలి ఘాట్లోనో హార్స్‌లీ హిల్స్ దిగేటప్పుడో ఆ ప్రయోగం వద్దు. స్టెప్నీ కూడా ఐదో టైరే, దాన్నీ మార్చండి. మాకు ఐదు టైర్లూ, ట్యూబులూ, బిగింపూ కలిపి పాతిక వేల లోపు అయింది.

కొలతలన్నీ కాగితం మీద కుదిరాయి గానీ నాన్న కుదర్లేదు. ఆయన ప్రశ్న టైరు గురించి కాదు. ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే చివరికి తాత కారు ఎంత మిగుల్తుంది, అని. ఇది తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి యాభై ఏళ్ళు దాటాలి, ఛాసీ, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. ఇరవై వేలు కడితే వీఏ అక్షరాలతో ప్రత్యేకం నంబరు వస్తుంది. 2023తో మా కారుకీ ఆ వయసొచ్చింది. కానీ ఆ నంబరు తీసుకున్న బండిని ప్రదర్శనకీ, ర్యాలీకీ, పెట్రోలుకీ, రిపేరుకీ తప్ప మామూలు తిరుగుడుకి రోడ్డెక్కించకూడదు. నేనిదంతా చదివి చెప్పాక నాన్నని ఒకటే అడిగాను. "వీఏ నంబరు తీసుకుందామా? అట్లయితే ఆ పాత రకం టైర్లే ఎక్కడున్నా తెప్పిస్తాను. అందరూ వచ్చి చూసి పోతారు."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చూసి పోయేదానికి మీ తాత కారు కొనలేదు లేరా. అత్తని ఊరికి తీసుకొచ్చేదానికి కొన్నాడు" అన్నాడు.

నాకు కావలసిన రిక్వైర్మెంటు డాక్యుమెంటు అంతే. ప్రదర్శనకి పెట్టే కారుకి పాత అచ్చు టైరే సరైనది, అందులో నాకు రెండో మాట లేదు. రోజూ కాకపోయినా నెలకోసారైనా మనుషుల్ని మోసే కారుకి సరైన టైరు వేరే. రెండు సెట్లు పెట్టుకుని, ర్యాలీకి ఒకటీ రోడ్డుకి ఒకటీ మార్చుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ మాట చెబితే నాన్న, "గుళ్ళో మూలవిరాట్టు వేరే, ఉత్సవ విగ్రహం వేరే ఉన్నట్టా?" అని నవ్వాడు. టైర్లు మార్చినా రిమ్ములు అవే, వీల్ క్యాపులు అవే. చక్రం కాస్త లావుగా కనిపిస్తుంది, దగ్గరికొచ్చి చూస్తేనే.

బిగించాక స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, వెనక నలుగుర్ని కూర్చోబెట్టి గుంతలో దింపి, టైరు మడ్‌గార్డుకి రాసుకుంటుందేమో చూశాం. మా కారుకి తగల్లేదు. మీ కారు కమానులు కొట్టేసి కుంగి ఉంటే తగలొచ్చు, చూసుకోండి. గాలి కూడా మాన్యువల్లో క్రాస్‌ప్లైకి రాసిన లెక్క ప్రకారం పడితే రేడియల్‌కి తక్కువవుతుంది. కొద్దికొద్దిగా పెంచుతూ, బటను వెడల్పంతా సమానంగా అరుగుతోందా లేదా చూసుకుంటూ కుదుర్చుకోవాలి.

లాభాలే కాదు, నష్టాలూ చెప్పాలి. పార్కింగులో స్టీరింగు బరువైంది. పవర్ స్టీరింగ్ లేని కారు, అరవై రెండేళ్ళ భుజం. ఆగిన చోటే తిప్పకుండా కొంచెం కదిలిస్తూ తిప్పడం ఆయన అలవాటు చేసుకున్నాడు. క్రాస్‌ప్లై జారే ముందు కొంత మూలిగి హెచ్చరిస్తుంది, రేడియల్ పట్టు ఎక్కువ గానీ వదిలితే ఒక్కసారే వదులుతుంది. చిన్న వేగంలో గుంతలు కాస్త గట్టిగా తెలుస్తున్నాయి. దానికి బదులుగా దక్కింది తిన్నగా పోవడం. ఇదివరకు రోడ్డు మీద లారీ చక్రాల గాడి పడితే కారు అటు లాగేది, నాన్న స్టీరింగుతో కుస్తీ పట్టేవాడు. ఇప్పుడు శాంతిపురం దాటాక ఆయన ఒక చేత్తో పట్టుకుని కబుర్లు చెబుతున్నాడు. అత్తకి రేడియల్ అంటే ఏంటో తెలీదు. "ఏం రా, రోడ్డు కొత్తగా ఏసినారా?" అంది.

మనలో చాలామంది ఇళ్ళల్లో నాన్నలూ తాతలూ వాడిన అంబాసిడరో, ఫియటో, పాత మారుతీయో ఉండే ఉంటుంది. మనం బెంగళూరులోనో హైదరాబాదులోనో డల్లాసులోనో కూర్చుని దాన్ని ఫోటోల్లో చూసి మురిసిపోతాం, నడిపేది వాళ్ళు. ఈసారి ఫోన్ చేసినప్పుడు టైరు పక్కనున్న ఆ నాలుగంకెలూ చదివి చెప్పమనండి. కళ్ళజోడు పెట్టుకుని, సెల్లు లైటు వేసుకుని చదువుతారు. చివరి రెండంకెలు విన్నాక ఏం చెయ్యాలో మీకే తెలుస్తుంది.